అడగాల్సింది మొదటి స్లైడ్‌లోనే అడగండి

అందరికీ నమస్కారం.

చిన్న పరిశ్రమలు నడిపేవాళ్లు, కొత్తగా పెట్టబోయేవాళ్లు ఇంతమంది పనులు మానుకుని వచ్చారు. చాలా సంతోషం. నేను ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ బ్యాంకులో అప్పుల విభాగంలోనే పనిచేశాను. తెర ముందు నిలబడి చెప్పడం కన్నా, బల్లకు ఇవతల కూర్చుని వినడమే నా పని. అందుకని ఈ రోజు రంగులు, యానిమేషన్ల జోలికి పోను. అప్పు కోసం బ్యాంకులో స్లైడ్లు చూపించి మీరు చెబుతున్నప్పుడు వినేవాళ్ల బుర్రలో ఏం తిరుగుతుందో అది చెబుతాను.

వినే మనిషి మొదటి రెండు నిమిషాలూ ఒక్కదాని కోసమే చూస్తాడు. ఈయనకు నా దగ్గర ఏం కావాలి? అది తెలిసేదాకా మీరు చెప్పేది చెవిన పడుతుంది గానీ మనసుకెక్కదు. మనవాళ్లు చాలామంది తాతగారు మిల్లు పెట్టిన ఏడాదితో మొదలుపెట్టి, భాగస్వాముల ఫొటోలు, షెడ్డు ఫొటోలు, వచ్చిన అవార్డులు అన్నీ చూపించి చివరికెప్పుడో అప్పు సంగతికి వస్తారు. ఈలోపు మేనేజర్‌కు రీజినల్ ఆఫీసు నుంచి ఫోన్ వస్తుంది. ఆయన లేచి వెళ్లి తిరిగొచ్చేసరికి ఇంకో పార్టీ బయట కూర్చుని ఉంటుంది. పదేళ్లు కష్టపడి నిలబెట్టిన వ్యాపారం గురించి చెప్పే అవకాశం అలా చేజారిపోతుంటే చూస్తున్న నాకే బాధేసేది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. గుంటూరు వైపు ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీ ఉందనుకోండి. కరెంటు బిల్లు భారంగా ఉంది, షెడ్డు మీద 200 కిలోవాట్ల సోలార్ పెట్టాలనుకుంటున్నారు. ఖర్చు కోటి రూపాయలు. 25 లక్షలు సొంతం, 75 లక్షలు అప్పు. మామూలుగా స్లైడ్ పైన ఏం రాస్తారు? ‘ప్రాజెక్టు వివరాలు’ అని రాస్తారు. దాని వల్ల నాకేం తెలిసింది? ఏమీ లేదు. దాని బదులు పైన ఒక పూర్తి వాక్యం రాయండి: ‘సోలార్ పెడితే ఏటా 21 లక్షల కరెంటు ఖర్చు మిగులుతుంది, కిస్తీలకు 17 లక్షలు సరిపోతాయి, 75 లక్షల అప్పు ఆరేళ్లలో తీరుస్తాం.’

ఇక కింద లెక్క చూపించండి. కిలోవాట్‌కు ఏడాదికి సుమారు 1,400 యూనిట్లు వస్తాయనుకుంటే 200 కిలోవాట్లకు 2 లక్షల 80 వేల యూనిట్లు. యూనిట్ ఏడున్నర రూపాయలు వేసుకుంటే 21 లక్షలు. 75 లక్షలకు పది శాతం వడ్డీతో ఆరేళ్లకు నెల కిస్తీ దాదాపు లక్షా 39 వేలు, అంటే ఏడాదికి సుమారు 17 లక్షలు. అంతే, నాలుగు లైన్లు. నేను అదే బల్ల మీద కాలిక్యులేటర్ తీసి సరిచూసుకోగలను. సరిచూసుకున్న లెక్క నాది కూడా అవుతుంది. రేపు పైఆఫీసులో మీ తరఫున మాట్లాడాల్సింది నేనే కదా.

ఇక్కడిదాకా చాలామంది వస్తారు. అసలు కష్టం తర్వాతిది. ఈ లెక్కలో ఒక మెలిక ఉంది. సంక్రాంతికి అటూ ఇటూగా పాత టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, చాలావరకు బయటికి వెళ్లిపోయి ఉంటాయి, కొత్త పంట ఇంకా పూర్తిగా లోపలికి రాదు. అప్పుడు ఎండ ఉంటుంది, సోలార్ కరెంటు వస్తుంది, వాడుకోవడానికి మాత్రం గదుల్లో సరుకుండదు. ఆ కరెంటు డిస్కంకు, అంటే కరెంటు పంపిణీ సంస్థకు వెళితే దానికి ఎంత లెక్క కడతారు? మిగులు 21 లక్షల నుంచి ఎంతకు దిగుతుంది? ఈ మాట మీకు తెలుసు. మీరు చెప్పకపోతే నేనే అడుగుతాను. నేను అడిగాక చెబితే దాచినట్టుంటుంది, మీరే ముందు చెబితే ఆలోచించి వచ్చినట్టుంటుంది. కాబట్టి ఆ మెలికను రెండో స్లైడ్‌లో, పైనే, అంతే పెద్ద అక్షరాలతో రాయండి.

నేను దీన్ని ఇంత గట్టిగా చెప్పడానికి ఒక కారణం ఉంది. 2003 జనవరి 16న కొలంబియా స్పేస్ షటిల్ పైకి లేచిన 82 సెకన్లకు పెద్ద ఇంధన ట్యాంకు పైపూత నుంచి ఒక గట్టి నురుగు (ఫోమ్) ముక్క ఊడి ఎడమ రెక్కకు తగిలింది. షటిల్ ఇంకా కక్ష్యలో ఉండగానే బోయింగ్ ఇంజినీర్లు నష్టం ఎంత ఉండొచ్చో లెక్కలు వేసి నాసా వాళ్లకు స్లైడ్లలో చూపించారు. అందులో ఒక స్లైడ్ శీర్షిక చదివితే, పాత పరీక్షల ప్రకారం అంచనాలు జాగ్రత్త వైపే ఉన్నాయన్న, అంటే అసలు నష్టం లెక్క కన్నా తక్కువే ఉండొచ్చన్న భావం కలుగుతుంది. ధైర్యం కలిగించే మాట. దాని కింద ఒక పాయింట్, దాని కింద ఉపపాయింట్లు. అన్నిటికన్నా అడుగున, చిన్న అక్షరాల్లో అసలు సంగతి: ఇప్పటి పరిస్థితి పరీక్షల పరిధికి చాలా బయట ఉంది. పరీక్షల్లో వాడిన ముక్క 3 ఘనపు అంగుళాలు, తగిలిందనుకుంటున్న ముక్క 1,920. అంటే 640 రెట్లు.

ఫిబ్రవరి 1న తిరుగు ప్రయాణంలో షటిల్ ముక్కలైపోయింది. మన కల్పనా చావ్లాతో కలిపి ఏడుగురూ చనిపోయారు. దీనికి కారణాలు ఎన్నో ఉన్నాయి, ఒక్క స్లైడ్ మీదే నెట్టడం న్యాయం కాదు. కానీ దర్యాప్తు బోర్డు అదే ఏడాది ఆగస్టులో ఇచ్చిన నివేదికలో ఆ స్లైడ్‌ను అచ్చువేసింది. ఇది చదివిన పైఅధికారికి ప్రాణాపాయం గురించి చెబుతున్నారని తట్టకపోవచ్చని రాసింది. అక్కడున్నవాళ్లు తెలివైనవాళ్లు, నిజాయితీపరులు. సమాచారం స్లైడ్‌లో ఉంది, ఎవరూ దాచలేదు. ఉన్న చోటు తప్పు. మీ స్లైడ్లు తయారయ్యాక ఒక్కొక్కటీ తీసి అడుగున ఉన్న ఆఖరి లైను చదవండి. అది పైకి రావాల్సిన మాటేమో చూసుకోండి. ఇంకేం చేసినా చేయకపోయినా, ఈ ఒక్కటీ తప్పకుండా చేయండి.

మూడేళ్ల బ్యాలెన్స్ షీట్ మొత్తం ఫొటో తీసి స్లైడ్‌లో అతికించకండి. వెనక కుర్చీలో కూర్చున్నవాళ్లకు అది కనిపించదు. అది కాగితం మీద ఉండాల్సింది. అమెజాన్‌లో 2004లో జెఫ్ బెజోస్ పైస్థాయి మీటింగుల్లో పవర్‌పాయింట్ మానిపించి, వాక్యాల్లో రాసిన నోట్ తెమ్మన్నారు. మీటింగు మొదట్లో అందరూ మౌనంగా కూర్చుని దాన్ని చదువుతారు. మనం అంత దూరం పోనక్కర్లేదు గానీ, స్లైడ్లతో పాటు రెండు పేజీల నోట్ ఇవ్వండి. మీరు వెళ్లిపోయాక ఫైల్లో ఉండేది అదే.

భాష గురించి చాలామంది టెన్షన్ పడతారు. తెలుగులో చెబితే చిన్నచూపు చూస్తారేమోనని, రాని ఇంగ్లీషులో బట్టీపట్టి వస్తారు. మధ్యలో ఒక ప్రశ్న అడిగితే మాట ఆగిపోతుంది. మీ వ్యాపారం మీకు ఏ భాషలో తెలుసో ఆ భాషలో చెప్పండి. మేనేజర్ వేరే రాష్ట్రం నుంచి బదిలీ మీద వచ్చినవారైతే స్లైడ్లు ఇంగ్లీషులో పెట్టి, మీ ఆడిటర్‌నో పిల్లల్లో ఒకరినో పక్కన కూర్చోబెట్టుకుని ఇద్దరూ కలిసి చెప్పండి. అందులో నామోషీ ఏమీ లేదు.

స్లైడ్లు తెలుగులో చేయిస్తే మాత్రం డీటీపీ వాళ్లకు యూనికోడ్‌లో, అంటే ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగుగానే కనిపించే పద్ధతిలో కొట్టమని చెప్పండి. డీటీపీ వాళ్లు వాడే పాతరకం అను ఫాంట్లలో కొట్టిన ఫైలు, ఆ ఫాంట్లు లేని కంప్యూటర్‌లో తెరిస్తే అర్థంలేని గుర్తులు కనిపిస్తాయి. ఎందుకైనా మంచిది, పీడీఎఫ్ చేసి పెన్‌డ్రైవ్‌లో ఒకటి, ఫోన్లో ఒకటి పెట్టుకోండి.

ముందురోజు ఇంట్లో ఒకసారి చెప్పి చూసుకోండి. మెచ్చుకునేవాళ్ల ముందు కాదు, మధ్యలో అడ్డుపడి ‘అదెలా?’ అని అడిగేవాళ్ల ముందు. వాళ్లు అడిగిన ప్రశ్నలన్నీ రాసుకుని, జవాబులకు విడిగా స్లైడ్లు చేసి చివర పెట్టుకోండి. అడిగితేనే తీయండి. అప్పటికీ తెలియని ప్రశ్న వస్తే ‘సార్, అది కనుక్కుని రేపు సాయంత్రంలోగా పంపిస్తాను’ అనండి. చెప్పినట్టే పంపండి. అలా పంపినవాళ్ల ఫైలు చూస్తే మాకు నమ్మకం పెరిగేది.

మీలో కొందరు మీ స్లైడ్లు వెంట తెచ్చుకున్నామని ఇందాక చెప్పారు. ఇష్టమైనవాళ్లు ఇవ్వండి, తెర మీద పెట్టి అందరం కలిసి శీర్షికలు తిరగరాద్దాం. ముందు ఎవరిది చూద్దాం?