పాటు వేళను బట్టి విశాఖ దర్శనం

సభకు నమస్కారం. గైడ్లుగా పని చేపట్టబోతున్న మీతో ఈ రోజు ఒక్క విషయమే మాట్లాడదలచుకున్నాను. విశాఖపట్నానికి ఒక్క రోజు కోసం వచ్చే కుటుంబానికి మనం కైలాసగిరి, రామకృష్ణా బీచ్, రుషికొండ, భీమిలి వరుసగా చూపించి సాయంత్రానికి రైలెక్కిస్తున్నాం. పొద్దస్తమానం సముద్రం పక్కనే తిరిగినవారు అందులో బతికే ఒక్క ప్రాణినైనా చూడకుండా వెళ్లిపోవడం నాకు బాధ కలిగిస్తుంది. అందుకే, ఆ రోజు కార్యక్రమాన్ని ముందుగా పాటు వేళను, అంటే సముద్రపు నీరు వెనక్కి తగ్గే సమయాన్ని, చూసుకుని నిర్ణయించమని మిమ్మల్ని కోరుతున్నాను.

మన తీరంలో రోజుకు రెండుసార్లు పోటు, రెండుసార్లు పాటు వస్తాయి; ఆ వేళలు ప్రతిరోజూ దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతాయి. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో నీరు మరింత లోపలికి తగ్గుతుంది గనుక, మంగమారిపేట దగ్గర సహజ శిలాతోరణం చుట్టూ మామూలుగా మునిగి ఉండే రాళ్లు బయటపడి, వాటి గుంటల్లో నీరు నిలుస్తుంది. పర్యాటకులను ఆ గుంటల దగ్గర మోకాళ్ల మీద కూర్చోబెట్టండి. రాతికి అంటుకుని, పువ్వులా రేకులు విప్పుకున్నట్టు కనిపించే సీ అనిమోన్ నిజానికి జంతువు. ఆ రేకుల్లో విషపు కణాలుంటాయి. వాటితో చిన్న రొయ్యను స్తంభింపజేసి నడుమనున్న నోటిలోకి లాక్కుంటుంది. నీరు తగ్గి ఎండ తగిలితే రేకులన్నీ ముడిచి, ఇసుక రేణువులు, గవ్వ ముక్కలు ఒంటికి అంటించుకుని జిగురు ముద్దలా ఉండిపోతుంది. పక్కనే ఒక శంఖం నడుస్తూ పోతే అది సన్యాసి పీత అని చెప్పండి. దాని పొట్ట భాగం మెత్తన; సొంత పెంకు లేక చచ్చిన నత్త గుల్లలో తలదాచుకుంటుంది, ఒళ్లు పెరిగినకొద్దీ మరో పెద్ద గుల్ల వెతుక్కుంటుంది. ఒడ్డున ఏరుకున్న గుల్లలను సంచిలో వేసుకోవద్దని పిల్లలకు చెప్పడానికి ఇంతకంటే మంచి చోటు లేదు.

పాటు మధ్యాహ్నం పడిన రోజు ఉదయాన్నే ఫిషింగ్ హార్బర్‌కు తీసుకువెళ్లండి. వంజరం, చందువా, కానాగడతలు పడవల నుంచి దిగి వేలానికి వచ్చే దృశ్యం అక్కడే చూడాలి. 1969లో నౌకాదళంలో చేరి, 2002 నుంచి మ్యూజియంగా ఉన్న కుర్సురా సబ్‌మెరైన్‌ను ఆ తరువాత చూపించవచ్చు, దానికి ఆటుపోట్లతో పని లేదు.

శీతకాలం చివర వచ్చేవారికి ఒడ్డున చనిపోయిన ఆలివ్ రిడ్లే తాబేలు కనిపించవచ్చు. వారిని పక్కకు మళ్లించకండి. రాత్రివేళ ఇసుకలో గుంట తవ్వి, ఒక్క విడతలో దాదాపు వంద గుడ్లు పెట్టడానికి ఒడ్డుకు చేరే ఈ తాబేలు ఊపిరితిత్తులతో శ్వాసిస్తుంది. మరబోట్లు నీటిలో లాగే ట్రాల్ వలలో చిక్కి పైకి తేలలేకపోతే నీటిలోనే ఊపిరాడక చనిపోతుంది. తాబేలు బయటపడే దారి ఉన్న వలలు ఉన్నాయని, అటవీశాఖ గుడ్లను సేకరించి కంచెల్లో పొదిగించి పిల్లలను సముద్రంలోకి వదులుతుందని కూడా చెప్పండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వచ్చేవారు హార్బర్‌లో మరబోట్లన్నీ కట్టేసి ఉండటం చూసి నిరుత్సాహపడతారు; చేపలు గుడ్లు పెట్టే కాలమని ఆ 61 రోజులు మరబోట్ల వేట నిషేధించారని, ఆ రోజుల్లో వాటి మీద ఆధారపడిన మత్స్యకార కుటుంబాలకు వేట రాబడి ఉండదని వారికి వివరించండి.