వేడెక్కిన చిప్ ఏం చెబుతోంది?

అందరికీ నమస్కారం.

సర్క్యూట్ బోర్డుకి పవర్ ఇచ్చాం, ఎల్ఈడీ వెలిగింది, ప్రోగ్రామ్ నడుస్తోంది. అలవాటుగా చిప్ మీద వేలు పెట్టామంటే చురుక్కుమంది! ఇది మీలో చాలామందికి అనుభవమే. అప్పుడు అందరం ముందు హీట్‌సింక్ కోసమే, అంటే వేడిని లాగేసే లోహపు ముక్క కోసమే వెతుకుతాం. దయచేసి ఆ పని చివరికి ఉంచుకోండి. ముందు పవర్ తీసేయండి.

ఒక్క సెకను కూడా వేలు ఆనించలేకపోతే వేడి సుమారు 60 డిగ్రీలు దాటినట్టే. అంతమాత్రాన ప్రతిదీ తప్పు కాదు. వైఫై నడుస్తున్నప్పుడు ఈఎస్‌పీ32 అనే వైఫై చిప్ కాస్త వెచ్చబడడం మామూలే. ఆర్డుయినో యూనో బోర్డులో ప్రోగ్రామ్ నడిపే చిప్ (మైక్రోకంట్రోలర్) ఏటీమెగా328పీ మాత్రం తన వరకు తీసుకునేది కొద్ది మిల్లీఆంపియర్లే, అది గోరువెచ్చగా ఉన్నా అనుమానించాల్సిందే. కాబట్టి ఏ చిప్ వేడెక్కిందో ముందు సరిగ్గా గుర్తించాలి.

ఎక్కువసార్లు వేడెక్కేది పవర్ జాక్ దగ్గరుండే రెగ్యులేటర్. దాని పని చూడండి. మనం 12 వోల్టులు ఇస్తాం, అది 5 ఇస్తుంది. మిగతా 7 వోల్టులు ఎక్కడికీ మాయం కావు, వేడిగా మారతాయి. బోర్డు 200 మిల్లీఆంపియర్లు తీసుకుంటే 7 ఇంటూ 0.2, అంటే సుమారు 1.4 వాట్లు. గోరంత చిప్‌కి అది చాలా ఎక్కువ. దానికి మన తప్పేమీ తోడు కాలేదు, లెక్కే అంత. అదే 7.5 వోల్టులు ఇస్తే వేడి అర వాట్‌కి దిగిపోతుంది. హీట్‌సింక్ కంటే అడాప్టర్ మార్చడమే మేలని నేను గట్టిగా నమ్ముతాను.

ఇంకో మాట. వేడి హద్దు దాటితే చాలా రెగ్యులేటర్లు తమంతట తామే ఆగిపోయి, చల్లారాక మళ్ళీ మొదలవుతాయి. బయటికి బోర్డు ఊరికే రీసెట్ అవుతున్నట్టు కనిపిస్తుంది. మనం కోడ్‌లో తప్పు వెతుకుతూ రాత్రంతా కూర్చుంటాం. 5 వోల్టుల పిన్‌కి సర్వో మోటార్ తగిలించినవాళ్ళు ఇది గుర్తుంచుకోండి. చిన్న సర్వో కూడా ఇరుక్కుపోతే అర ఆంపియర్ దాటి లాగగలదు. మోటార్‌కి వేరే పవర్ ఇచ్చి, గ్రౌండ్ మాత్రం కలపండి.

నేను సోల్డర్ చేసిన ఒక బోర్డులో రెగ్యులేటర్ కాలిపోతోందని రెండుసార్లు మార్చాను. మూడోదీ అలాగే కాలింది. చాలా టెన్షన్ పడ్డాను. చివరికి పవర్ తీసి మల్టీమీటర్‌తో 5 వోల్టుల గీతకీ గ్రౌండ్‌కీ మధ్య ఓమ్స్ (రెసిస్టెన్స్) చూస్తే దాదాపు సున్నా. అంటే రెండూ నేరుగా కలిసిపోయాయి, షార్ట్ అన్నమాట. భూతద్దంలో చూస్తే కనెక్టర్ రెండు కాళ్ళ మధ్య వెంట్రుకంత సోల్డర్! పాపం రెగ్యులేటర్, వేరొకరి తప్పుకి మూడుసార్లు బలైంది. అందుకే వేడి ఎక్కడ పుట్టిందన్నదానికంటే కరెంట్ ఎటు పోతోందన్నదే వెతకమంటాను.

సున్నా చూపిస్తే సెన్సార్లనీ మాడ్యూళ్ళనీ ఒక్కొక్కటిగా విప్పుతూ మళ్ళీ కొలవండి. రీడింగ్ మెల్లగా పైకి ఎక్కుతుంటే మాత్రం కంగారు పడకండి, కెపాసిటర్లు ఛార్జ్ అవుతున్నాయంతే.

మీటర్‌కి అంతా బాగానే ఉన్నా మైక్రోకంట్రోలరే కాలిపోతోందా? దాని పిన్‌కి సప్లై కంటే ఎక్కువ వోల్టేజ్ తగిలిందేమో చూడండి. 3.3 వోల్టుల చిప్‌కి 5 వోల్టుల సెన్సార్ నేరుగా కలపడం, 12 వోల్టుల వైరు జారి పిన్‌ని తాకడం ఇలాంటివే. అప్పుడు చిప్ లోపలే సప్లై నుంచి గ్రౌండ్‌కి దారి తెరుచుకుంటుంది. వెంటనే పవర్ తీస్తే కొన్నిసార్లు బతుకుతుంది. ఆలస్యమైతే ఆ చిప్ మార్చాల్సిందే.

షార్ట్ ఎక్కడో కంటికి దొరక్కపోతే ఇది చూడండి. కరెంట్ ఒక హద్దు దాటకుండా లిమిట్ పెట్టిన సప్లైతో తక్కువ వోల్టేజ్‌ని నేరుగా ఆ 5 వోల్టుల గీతకే ఇస్తున్నాను, లిమిట్ కొద్దికొద్దిగా పెంచుతాను. బోర్డు మీద ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పల్చగా రాశాను. అది మండే ద్రవం, నిప్పు దూరంగా ఉండాలి. ఇదిగో, మిగతా బోర్డంతా తడిగానే ఉంది, ఈ చిన్న కెపాసిటర్ చుట్టూ మాత్రం వేడికి ఆరిపోయింది. ముందుగా తీయాల్సింది దీన్నే.