వస్తారా? వసారా? తెలుగు అక్షరం కింద కాస్త చోటు

[తెర మీద: సినిమా దృశ్యం కింద రెండు వరుసల సబ్‌టైటిల్. ఒక్కో వరుసకు ఒక్కో నల్ల పట్టీ. పై వరుస: "మీరు రేపు వసారా?" కింది వరుస: "నన్నే రమ్మంటారా?"]

నమస్తే. ఆ పై వరుస ఒకసారి బయటికి చదవండి. "మీరు రేపు వసారా?" అర్థం కాలేదు కదా. మా పెద్దమ్మకీ కాలేదు.

మా పెద్దమ్మ 30 ఏళ్లు తెలుగు టీచరుగా చేసి రిటైరైంది. ఈ మధ్య చెవులు బాగా మందగించాయి. సౌండ్ ఎంత పెంచినా మాట పట్టుబడదు. అందుకని తెలుగు సినిమాకి కూడా తెలుగు సబ్‌టైటిల్స్ పెట్టుకునే చూస్తుంది. మొన్న సంక్రాంతికి వెళ్లినప్పుడు నన్ను పిలిచి, "నాన్నా, వీళ్లు మాటిమాటికీ వసారా అంటున్నారు. ఆ ఇంటికి వసారానే లేదు. ఏంటిది?" అని అడిగింది. టీవీ దగ్గరికి వెళ్లి చూశాను. అక్కడ ఉండాల్సిన మాట "వస్తారా". స కింద త వత్తు మాయమైంది.

నేను పగలంతా సాఫ్ట్‌వేర్ రాస్తాను, అప్పుడప్పుడు వెబ్‌సైట్లు డిజైన్ చేస్తాను, రాత్రయితే సినిమాలు చూస్తాను. ఈ మూడు చోట్లా నన్ను బాధపెట్టే తప్పు ఒకటే. తెలుగు అక్షరానికి కింద చోటు వదలరు. ఈ వీడియో అంతా ఆ చోటు గురించే.

[కాగితం మీద స్కెచ్ పెన్‌తో పెద్దగా "వస్తారా" అని రాయాలి. కెమెరా పైనుంచి.]

ఇదిగో, "వస్తారా". ఇప్పుడు స అడుగు దగ్గర కాగితాన్ని వెనక్కి మడుస్తున్నాను. వసారా అయిపోయింది. ఇంకొన్ని చూద్దాం. "గుడ్డి" రాసి మడిస్తే గుడి. "కల్ల" రాసి మడిస్తే కల. "గడ్డి" మడిస్తే గడి. "వల్ల" మడిస్తే వల. ఇంగ్లీషులో జీ అక్షరం తోక కాస్త తెగినా అది జీ అని తెలిసిపోతుంది. మన వత్తు అలాంటి తోక కాదు, అక్షరంలో సగం అక్కడే ఉంటుంది. అది తెగిపోతే చదివేవాళ్లకు తెగిందని కూడా తెలియదు, ఎందుకంటే మిగిలినది కూడా ఒక మాటే.

చిన్నప్పటి కాపీ పుస్తకాలు గుర్తున్నాయా? ఇంగ్లీషుకి నాలుగు గీతలు, తెలుగుకి రెండు గీతలు. ఆ రెండు గీతల మధ్య అక్షరం, వాటి కింద ఉన్న ఖాళీలో వత్తు. ఆ పుస్తకం అచ్చేసినవాళ్లకు ఖాళీ ఎందుకో తెలుసు. స్క్రీన్ దగ్గరికి వచ్చేసరికి నాలుగు గీతల పుస్తకంలోనే తెలుగు రాసేస్తున్నాం.

[తెర మీద వరుసగా ఏడు గళ్లు: వ, స, పొల్లు, త, దీర్ఘం, ర, దీర్ఘం]

కంప్యూటర్ లోపల ఈ మాట ఎలా ఉంటుందో చూద్దాం. ప్రపంచ భాషల అక్షరాలకు తలా ఒక సంకేతం ఇచ్చే ప్రమాణం పేరు యూనికోడ్. 1991లో దాని మొదటి వెర్షన్ వచ్చినప్పుడే అందులో తెలుగు ఉంది. మనకు కేటాయించిన గళ్లు 128. వాటిలో "స్తా" అనే అక్షరం వెతికితే దొరకదు. స ఉంటుంది, పొల్లు ఉంటుంది, త ఉంటుంది, దీర్ఘం ఉంటుంది. మనకు మూడు అక్షరాలుగా కనపడే "వస్తారా" కంప్యూటర్‌కి ఏడు సంకేతాలు. ఆ ఏడింటిని కలిపి మనం చదవగలిగే రూపంలోకి తెచ్చే పని వేరే ప్రోగ్రామ్ చేస్తుంది. క్రోమ్, ఫైర్‌ఫాక్స్, ఆండ్రాయిడ్ మూడింటిలోనూ ఆ పని చేసేది హార్ఫ్‌బజ్ అనే ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్.

అది చేసే పని నాకు ఎప్పుడు చూసినా ముచ్చటగా ఉంటుంది. మనం పలికే వరుస స, త, ఆ. దీర్ఘం చివర్లో వస్తుంది. కానీ గీసేటప్పుడు దీర్ఘం వెళ్లి పైనున్న స తల మీద కూర్చోవాలి, త మాత్రం వత్తుగా మారి కిందికి దిగాలి. అంటే పైన కనపడేది "సా", కింద త వత్తు. అందుకే కింది భాగం పోతే మిగిలింది అచ్చంగా "సా" అయింది, "వసారా" అయింది. హార్ఫ్‌బజ్ తన పని సరిగ్గానే చేసింది. వత్తును దాని చోట పెట్టింది. ఆ తర్వాత ఎవరో దాన్ని కప్పేశారు.

[తెర మీద: రెండు మొబైల్ స్క్రీన్లు పక్కపక్కనే. ఒకే తెలుగు పేరా, వేర్వేరు వరుస ఎత్తులు.]

కప్పేసేది ఎక్కువగా వెబ్ డిజైన్‌లో ఒక చిన్న అంకె. దాన్ని లైన్ హైట్ అంటాం. అక్షరం సైజుకి వరుస ఎత్తు ఎన్ని రెట్లు ఉండాలో అది చెబుతుంది. హెడ్డింగులకు చాలామంది 1.2 పెడతారు. 16 పిక్సెళ్ల అక్షరానికి 19 పిక్సెళ్ల వరుస. ఇంగ్లీషుకి అది చాలు. తెలుగులో "రాష్ట్రం", "సూక్ష్మం", "స్త్రీ" లాంటి మాటలకు వత్తు కింద ఇంకో వత్తు దిగుతుంది. పై వరుస వత్తు వచ్చి కింది వరుస గుడి మీద కూర్చుంటుంది. ఎడమవైపు స్క్రీన్ చూడండి, నాలుగో వరుసలో అదే జరిగింది. కుడివైపు దానికి 1.7 పెట్టాను, అంతే. వేరే ఏదీ ముట్టుకోలేదు.

వరుసలు ఒకదాన్నొకటి తాకడం వరకైతే కష్టపడి చదువుకోవచ్చు. బటన్‌కి ఎత్తు కొలిచి బిగించి, దాటిపోయింది కనపడకుండా ఓవర్‌ఫ్లో హిడెన్ పెట్టినప్పుడు అసలు నష్టం జరుగుతుంది. వార్తల యాప్‌లలో హెడ్డింగ్ రెండు వరుసలకు మించకుండా కోస్తారు కదా, ఆ రెండో వరుస అడుగు చూడండి. వత్తులు సగానికి తెగి ఉంటాయి. నా సలహా అడిగితే, తెలుగు ఉన్న చోట బటన్‌కి ఎత్తు బిగించకండి, పైనా కిందా ప్యాడింగ్, అంటే లోపల కాస్త ఖాళీ ఇచ్చి దాని ఎత్తు దాన్నే తేల్చుకోనివ్వండి. లైన్ హైట్ 1.6 కంటే తగ్గించకండి. వెబ్‌కి ప్రమాణాలు రాసే డబ్ల్యూత్రీసీ అనే సంస్థ 2018లో ఇచ్చిన యాక్సెసిబిలిటీ (వైకల్యం ఉన్నవాళ్లకూ వెబ్ అందేలా చేసే) మార్గదర్శకాలు కూడా, చదివేవాళ్లు వరుస ఎత్తును 1.5 రెట్లకు పెంచుకున్నా పేజీలో ఏదీ తెగిపోకూడదని చెబుతున్నాయి. ఆ ఒక్క షరతు పాటించినా మన కష్టాలు సగం తీరతాయి.

ఇంకొకటి నాకు అస్సలు నచ్చనిది, హెడ్డింగ్ ఒక్కో అక్షరంగా టైప్ అవుతున్నట్టు కనపడే యానిమేషన్.

[తెర మీద నెమ్మదిగా: వ / వస / వస్ / వస్త / వస్తా]

చూశారా, మాట పెరగడం లేదు, రూపం మారిపోతూ ఉంది. స వచ్చింది, దానికి పొల్లు వచ్చింది, పొల్లు పోయి వత్తు వచ్చింది. కొందరైతే ఒక్కో సంకేతాన్ని విడదీసి విడివిడిగా కదిలిస్తారు. అప్పుడు దీర్ఘం ఒంటరిగా చుక్కల వలయం పక్కన నిలబడుతుంది. ఒక్కో సంకేతం ఒక్కో అక్షరం అనుకుంటే ఇలాగే అవుతుంది. తెలుగు సంయుక్తాక్షరాన్ని ఒకే ముక్కగా లెక్కపెట్టాలనే నియమం యూనికోడ్‌లోకి 2023లో, 15.1 వెర్షన్‌తో వచ్చింది. యానిమేషన్ చేసి తీరాలంటే మాటకు మాటగా చేయండి. చూడ్డానికి కూడా అదే బాగుంటుంది.

[తెర మీద: పెద్దగా "జ్ఞా"]

తెలుగు అక్షరాన్ని కలపడం ఎంత సున్నితమైన పనో ఒకసారి ప్రపంచమంతా చూసింది. 2018 ఫిబ్రవరి. ఐఓఎస్ 11.2.5 ఉన్న ఐఫోన్‌కి ఒక తెలుగు అక్షరం పంపితే దాన్ని చూపించబోయి యాప్ ఆగిపోయేది. నోటిఫికేషన్‌లో వస్తే హోమ్ స్క్రీనే మొరాయించేది. జ, పొల్లు, ఞ, ఆ తర్వాత కంటికి కనపడని ఒక సంకేతం, చివర దీర్ఘం. ఆ వరుసే కారణం. ఫిబ్రవరి 19న యాపిల్ 11.2.6 విడుదల చేసి సరిచేసింది. వార్తల్లో మాత్రం "ఐఫోన్‌ను పడగొట్టిన తెలుగు అక్షరం" అన్నట్టు రాశారు. అది నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది. అక్షరం ఏ తప్పూ చేయలేదు. బెంగాలీ, దేవనాగరిలో కూడా కొన్ని వరుసలకు అదే జరిగింది. తప్పు సాఫ్ట్‌వేర్‌ది.

ఆ కనపడని సంకేతం మనం రోజూ వాడేదే. "సాఫ్ట్‌వేర్" అని రాసేటప్పుడు ట్ తర్వాత అది లేకపోతే వ వచ్చి ట కింద వత్తయి "సాఫ్ట్వేర్" అవుతుంది. కలవొద్దు అని చెప్పడమే దాని పని. ఈ రెండు రూపాలూ ఒకటేనని తెలియని సెర్చ్ బాక్సులు ఉన్నాయి. ఒక రూపంలో వెతికితే ఇంకో రూపంలో ఉన్నది దొరకదు. సెర్చ్ రాసేవాళ్లు పోల్చే ముందు ఆ సంకేతాన్ని పక్కన పెట్టేస్తే చాలు.

ఇక ఫాంట్లు. ఇక్కడ సంతోషంగా చెప్పుకోవాల్సిన సంగతి ఉంది. అమెరికాలోని తెలుగువాళ్ల సంస్థ సిలికానాంధ్ర చొరవతో వచ్చిన తెలుగు ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. వాటి పేర్లు చూడండి: పెద్దన, తిమ్మన, ధూర్జటి, మల్లన్న, రామభద్ర, సూరన్న, రామరాజ, తెనాలి రామకృష్ణ. అష్టదిగ్గజాలు ఎనిమిది మందీ ఉన్నారు, పక్కన శ్రీకృష్ణదేవరాయలు కూడా ఉన్నారు. ఫాంట్ మెనూ తెరిస్తే భువనవిజయం కనపడుతుంది.

కానీ వీటిలో చాలావాటికి ఒకే మందం ఉంటుంది. మనం బోల్డ్ అడిగితే బ్రౌజర్ దగ్గర బోల్డ్ ఉండదు, ఉన్న గీతనే లావు చేసి చూపిస్తుంది. అప్పుడు అక్షరాల లోపలి ఖాళీలు పూడిపోతాయి. థ లోపల చుక్క పూడిపోతే అది ధ. "కథ" కాస్తా "కధ" అయిపోతుంది. అందుకని హెడ్డింగుకి బోల్డ్ కావాలంటే పుట్టుకతోనే లావుగా ఉన్న రామభద్ర లాంటిది తీసుకోండి, లేదా చాలా మందాల్లో దొరికే నోటో సాన్స్ తెలుగు తీసుకోండి.

[మళ్లీ మొదటి దృశ్యం. రెండు వరుసల సబ్‌టైటిల్.]

ఇప్పుడు పెద్దమ్మ టీవీ దగ్గరికి వద్దాం. ఆ రోజు సినిమా ఆపి ఈ రెండు వరుసల్నే చాలాసేపు చూశాను. పై వరుసలో త వత్తు లేదు. కింది వరుసలో "రమ్మంటారా" ఉంది, దాని మ వత్తు చక్కగా ఉంది, "నన్నే"లో న వత్తు కూడా ఉంది. ఇంకో పది సబ్‌టైటిల్స్ చూశాను. ఒకే వరుస ఉంటే వత్తులన్నీ భద్రంగా ఉన్నాయి. రెండు వరుసలుంటే పై వరుసకే దెబ్బ. అప్పుడు వెలిగింది. ఒక్కో వరుస వెనక ఒక నల్ల పట్టీ ఉంది కదా. ముందు పై వరుస గీస్తుంది, తర్వాత కింది వరుసకు పట్టీ వేస్తుంది. ఆ పట్టీ పై అంచు వెళ్లి పై వరుస వత్తుల మీద పడుతోంది.

సబ్‌టైటిల్స్ రెండు రకాలుగా పంపొచ్చు. బొమ్మగా పంపితే తయారుచేసినవాళ్లు ఎలా గీస్తే అలాగే కనపడుతుంది. అక్షరాలుగా పంపితే మన టీవీయే, తన దగ్గరున్న ఫాంట్‌తో, తనకు తెలిసిన వరుస ఎత్తుతో గీసుకుంటుంది. అక్షరాలుగా పంపడమే నాకిష్టం, ఎందుకంటే సైజు పెంచుకోవచ్చు, రంగు మార్చుకోవచ్చు. పెద్దమ్మలాంటి వాళ్లకు అది చాలా అవసరం. కానీ తెలుగు సబ్‌టైటిల్స్ ఇస్తున్నాం అని చెప్పేముందు, రెండు వరుసల్లో "వస్తారా" పెట్టి ఒక టీవీ మీద చూడాలి. అంతకంటే పెద్ద టెస్టింగ్ అక్కర్లేదు. 2011 జనాభా లెక్కల్లో తెలుగు మాతృభాష అని చెప్పినవాళ్లు 8 కోట్ల పైనే. వాళ్లలో వినికిడి తగ్గినవాళ్లకు సినిమా అంటే ఆ రెండు వరుసలే.

[తెర మీద: సబ్‌టైటిల్ సెట్టింగ్స్ మెనూ. కర్సర్ "బ్యాక్‌గ్రౌండ్" మీద ఆగుతుంది.]

మీ ఇంట్లో కూడా ఇలాగే ఉంటే ఇది చేసి చూడండి. సబ్‌టైటిల్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి బ్యాక్‌గ్రౌండ్ తీసేయండి. అక్షరాలు తెల్లవి పెట్టి, వెనక నీడ పెట్టండి. పట్టీ పోయింది కాబట్టి వత్తును కప్పేది ఏదీ ఉండదు. అన్ని టీవీల్లోనూ ఈ మెనూ ఉండకపోవచ్చు, కానీ చాలావాటిలో ఉంటుంది.

పెద్దమ్మకి అదే చేసి, సినిమా వెనక్కి జరిపి ప్లే నొక్కాను. "మీరు రేపు వస్తారా?" అని పైకి చదివింది. తర్వాత కళ్లజోడు సరిచేసుకుని, "అన్నీ బాగున్నాయి గానీ, కథ అని రాసిన చోట థలో చుక్క పెట్టలేదు నాన్నా" అంది. లేచి టీవీకి దగ్గరగా వెళ్లి చూశాను. చుక్క ఉంది, లావు గీతల మధ్య పూడిపోయింది. సైజు ఒక మెట్టు పెంచాను. కనపడింది.