కోరమంగళలో తిన్నంత ఏషియన్ బఫే: బాబాయ్‌తో లంచ్ రివ్యూ

హాయ్ అండీ, బాగున్నారా? ఇవాళ బెంగళూరు కోరమంగళలో ఉన్నాం. టైము పన్నెండున్నర. ఇదిగో, పక్కన మా బాబాయ్. తెనాలి నుంచి నిన్నే దిగాడు. జపాన్, చైనా, థాయ్, కొరియా, అన్ని రకాలూ ఉంటాయి, తిన్నంత తినొచ్చు, మనిషికి 799 అని చెప్తే ఆయన అడిగిన మొదటి మాట, "పెరుగన్నం ఉంటుందా?" ఉండదు బాబాయ్. ఇంట్లో పెద్దవాళ్లని తీసుకొచ్చేవాళ్లు ఇది ముందే చెప్పి తీసుకురండి.

హోటల్ పేరు చెప్పట్లేదు. ఒక్క పూట తిని ఒకళ్ల వ్యాపారం మీద రాయి వెయ్యడం నాకిష్టం ఉండదు. డబ్బులు మాత్రం మావే.

కూర్చున్నామో లేదో టేబుల్ మీదికి చిల్లీ పొటాటో, క్రిస్పీ కార్న్, స్ప్రింగ్ రోల్స్ వచ్చేశాయి. అయిపోకముందే మళ్లీ తెచ్చారు. అంత ప్రేమ ఎందుకనుకుంటున్నారు? బంగాళాదుంప, మొక్కజొన్న, మైదా. వాటితో కడుపు నిండితే రొయ్యల జోలికి పోం కదా. పెళ్లి బంతిలో కూర్చోగానే పులిహోర గుట్టగా పోసి వెళ్లేవాడు ఉంటాడు చూడండి, అదే లెక్క. ఒక్కో ముక్క రుచి చూసి, "చాలు" అని గట్టిగా చెప్పెయ్యండి.

ఆ జాగా దీనికి ఉంచుకోండి. వెదురు బుట్ట మూత తీస్తున్నా, ఆవిరి చూడండి. ఇవి హర్ గావ్, అంటే రొయ్యల డిమ్‌సమ్, ఆవిరి మీద ఉడికించే చైనా వాళ్ల చిరుతిండి. పైపొర లోంచి లోపలి రొయ్య గులాబీ రంగులో కనిపిస్తోంది కదా? మనం రోడ్డు మీద తినే మోమోకి మైదా పొర. దీనికి గోధుమపిండిలో సాగే గుణమంతా తీసేసి, మిగిలిన గంజిపొడితో చేస్తారు. అందుకే ఉడికాక గాజులా అవుతుంది. బాబాయ్ ఒకటి నోట్లో పెట్టుకుని, "ఒరే, జిల్లేడుకాయలో కొబ్బరి బదులు రొయ్య పెట్టారేంట్రా" అన్నాడు. అంతకంటే బాగా నేను చెప్పలేను. పొర పలచగా ఉంది, రొయ్య కొరికితే గట్టిగా, తియ్యగా ఉంది. నాలుగు బుట్టలు తెప్పించుకున్నాం. సిగ్గు పడలేదు.

ఇక సుషీ. ఇక్కడ నాకు కోపం వచ్చింది. సుషీ అంటే పచ్చి చేప అనుకుంటాం గానీ, అసలు విషయం అన్నం. వెనిగర్, పంచదార, ఉప్పు కలిపిన అన్నం. అది గోరువెచ్చగా ఉండాలి. ఇక్కడ ఫ్రిజ్‌లోంచి తీసి పెట్టారు, గింజ బిరుసెక్కిపోయింది. లోపల పెట్టిన క్రాబ్ స్టిక్‌లో పీత ఉండదు, తెల్లచేప గుజ్జుకి రంగేసి చేస్తారు. అదేం మోసం కాదు, లోకమంతా అలాగే చేస్తుంది. అన్నం మాత్రం వాళ్ల తప్పే.

పక్కన ఆకుపచ్చ ముద్ద, వసాబి. బాబాయ్ వేలి కొసతో నాకి, కళ్లు మూసుకుని ఒక్క క్షణం ఆగాడు. "ఇది మిరప కారం కాదురా, ఆవ ఘాటు. నాలుక్కి అంటదు, ముక్కుకెక్కుతుంది." ఏటా ఆవకాయ కలిపే చెయ్యి కదా, పట్టేశాడు. వసాబి, ఆవాలు ఒకే కుటుంబం మొక్కలు, ఘాటునిచ్చే పదార్థం కూడా ఒకటే. పైగా అసలు వసాబి దుంప బాగా ఖరీదు. బఫేల్లో పెట్టేది మామూలుగా హార్స్‌రాడిష్ అనే ఘాటు దుంప, ఆవపిండి, ఆకుపచ్చ రంగు.

శాకాహారులకి ఒక మాట. కిమ్చీ అంటే కొరియా వాళ్ల క్యాబేజీ పచ్చడే గానీ, మామూలుగా అందులో చేపల సాసో, ఉప్పు రొయ్యలో కలుపుతారు. థాయ్ వాళ్ల పుల్లకారం సూప్ టామ్ యమ్‌లో కూడా చేపల సాస్ ఉంటుంది. వెజ్ అని బోర్డు ఉన్నా ఒకసారి అడగండి. మేం అడిగితే చెఫ్ బయటికొచ్చి, రెండూ చేపల సాస్ లేకుండా విడిగా చేస్తామని చెప్పాడు. విసుక్కోలేదు, నాకు నచ్చింది.

ఆ మూల పెద్ద ఇనప పెనం కనిపిస్తోందా? మంగోలియన్ గ్రిల్ అంటారు. మంగోలియాకీ దానికీ సంబంధం లేదు, 1951లో తైవాన్‌లోని తైపేలో పుట్టింది. కూరలు, మాంసం, సాసులు మనమే గిన్నెలో వేసి ఇస్తే కళ్ల ముందే వేయిస్తారు. మొదటిసారి నేను ఆశపడి గిన్నె నింపేశా. పెనం మీద నీళ్లూరి వేపుడు కాస్తా పులుసైంది. రెండోసారి సగం గిన్నె, వెల్లుల్లి ఎక్కువ, సాస్ రెండు గరిటెలు. అదిరిపోయింది. ఒంటిగంటంపావుకల్లా ఆఫీసు టీములు దిగిపోయాయి, క్యూ తలుపు దాకా వచ్చింది. కాబట్టి పన్నెండున్నరకే రండి.

మెయిన్ కోర్సులో హక్కా నూడుల్స్, ఫ్రైడ్ రైస్, మంచూరియా. మన వీధి చివర బండి మీద దొరికేవే, ఆ బండి మీదే ఇంకా బాగుంటాయి. థాయ్ గ్రీన్ కర్రీ ఒక్కటి పర్లేదు. స్వీట్లలో దర్సాన్ తినండి, తేనె పాకం పట్టిన కరకరలాడే నూడుల్స్ మీద వెనిలా ఐస్‌క్రీమ్.

బిల్లు దగ్గరికొద్దాం. ఇద్దరికీ 1598, దాని మీద 5 శాతం జీఎస్టీ కలిపితే 1678 అవ్వాలి. వచ్చింది 1846. మధ్యలో 10 శాతం సర్వీస్ చార్జ్ దూర్చారు, దాని మీద మళ్లీ జీఎస్టీ. అడక్కుండా ఇలా బిల్లులో కలపకూడదని 2022లోనే వినియోగదారుల రక్షణ అథారిటీ చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా సమర్థించింది. మేనేజర్‌ని మర్యాదగా అడిగితే రెండు నిమిషాల్లో తీసేశాడు. అడగని టేబుళ్లు కట్టేసి పోతున్నాయి, అదే నా బాధ. వినకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చెయ్యొచ్చు. మాకు డిమ్‌సమ్ బుట్టలు మోసిన కుర్రాడి చేతిలో బాబాయ్ వంద పెట్టాడు, అది వేరే.

డిమ్‌సమ్, గ్రిల్ కోసం నేను మళ్లీ వెళ్తాను. సుషీ కోసమైతే వద్దు. సుషీ అన్నం వెచ్చగా పెట్టే చోటు మీకు తెలిస్తే కింద కామెంట్లో చెప్పండి. హెబ్బాళ్ అవతల మాత్రం చెప్పకండి, ఆ ట్రాఫిక్‌లో తిన్నది అరిగి మళ్లీ ఆకలేస్తుంది.