నేటి సిరామిక్ కళాకారులను ఎలా చదవాలి

విద్యార్థి మిత్రులారా,

సారె మీద మట్టిని నిలబెట్టడం వచ్చిన తరువాత ఎవరి పనిని చూసి ముందుకు సాగాలన్న ప్రశ్న మీలో ప్రతి ఒక్కరికీ ఎదురవుతుంది. ఫోన్‌లో వేల ఛాయాచిత్రాలు దొరుకుతాయి కానీ, నచ్చిన ఆకారాన్ని చూసి అలాగే చేయబోతే చేతికి కొంత సాధన దక్కుతుందే తప్ప ఆలోచన పెరగదు. అందుకే ఒక్క కళాకారుని ఎంచుకుని, ఆ మట్టి ఎటువంటిది, చేయి ఎలా నడిచింది, నిప్పు ఏం చేసింది అని ఓపికగా అడుగుతూ పోవాలని నా మనవి.

మట్టిపాత్రల కళాకారిణి మాగ్డలీన్ ఒడుండోను తీసుకుందాం. 1950లో నైరోబీలో పుట్టి, 1971లో ఇంగ్లండుకు చదువుకోవడానికి వెళ్లిన ఆమె, అక్కడి నుంచి నైజీరియాలోని అబూజా కుండల శిక్షణ కేంద్రానికి చేరి, లాడీ క్వాలీ వంటి గ్వారీ తెగ స్త్రీల దగ్గర సారె లేకుండా చేతులతోనే కుండను పైకి లేపే పద్ధతిని నేర్చుకున్నారు. ఆమె పాత్రలకు గ్లేజు, అంటే గాజులాంటి మెరుపుపూత, ఉండదు. పలుచటి మట్టిపూత పూసి, నున్నగా రుద్ది కాలుస్తారు. గాలి ధారాళంగా ఆడే బట్టీలో కాలిన పాత్ర మట్టిలోని ఇనుము వల్ల ఎర్రబడుతుంది. గాలిని బిగించి పొగలో మళ్లీ కాలిస్తే అదే పాత్ర నల్లబడుతుంది.

ఇది విన్న ఉత్తర తెలంగాణ విద్యార్థికి మన బృహత్ శిలా సమాధుల్లో, అంటే పెద్ద రాళ్లతో కట్టిన ప్రాచీన సమాధుల్లో, దొరికే నలుపు-ఎరుపు కుండలు గుర్తుకు రావాలి. గాలి తగలని లోపలి భాగం, మూతి నల్లగా, తగిలిన కింది భాగం ఎర్రగా ఉండే ఆ కుండల్లోనూ పని చేసింది గాలీ పొగే. ఒడుండోను శ్రద్ధగా చదివితే మన మ్యూజియంలోని పెంకు ముందు మరికొంతసేపు నిలబడతాం.

సిరామిక్ కళాకారుడు రే మీకర్ విషయం కూడా ఇటువంటిదే. డెబొరా స్మిత్‌తో కలిసి 1971లో పుదుచ్చేరిలో గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీని నెలకొల్పిన ఆయన, పచ్చి ఇటుకలతో ఇల్లు కట్టి, దాని లోపల ఇటుకలూ పెంకులూ పేర్చి, ఇంటినే బట్టీగా మార్చి కాల్చారు. ఆ పనిని అర్థం చేసుకున్నవారు పాలంపేట వెళ్తే, 1213లో నిర్మించిన రామప్ప గుడి విమానంలోని (గర్భగుడి మీది శిఖరంలోని), నీటిపై తేలే ఇటుకలను కూడా కాల్చిన మట్టిగానే, అంటే మన విద్యకు చెందిన వస్తువుగానే చూస్తారు. ఆ గుడి శిల్పాల గురించి ఎంతో మాట్లాడుకునే మనం ఆ ఇటుక గురించి ఇంత తక్కువ మాట్లాడుకోవడం నాకు బాధ కలిగిస్తుంది.

పెద్ద పనులే చేయాలని లేదు. బరోడాలో దశాబ్దాలపాటు బోధించి 2020లో కన్నుమూసిన జ్యోత్స్నా భట్ చేసిన పిల్లులు, పక్షులు చిన్నవే. వాటిలోని నిదానం మాత్రం చిన్నది కాదు.

ఒడుండో అడగవలసిన ప్రశ్నలను పల్లె స్త్రీలను అడిగారు. రంజన్లు, గురిగిలు, పెళ్లికి ఐరేని కుండలు చేసే పెద్దలు మన మండలాల్లోనూ ఉన్నారు. వారు ఆవం కాల్చే రోజు తెలుసుకుని, అనుమతి అడిగి వెళ్లండి. చెరువు మట్టిలో ఇసుక ఎంత కలుపుతారో, మంట ఎప్పుడు పెంచుతారో, ఎప్పుడు మూస్తారో రాసుకోండి. నోటుపుస్తకంలో ఎడమ పేజీ మీరు ఎంచుకున్న కళాకారునికి, కుడి పేజీ ఆ కుమ్మరి పెద్దకు కేటాయించి, రెండింటిలోనూ అవే ప్రశ్నలకు జవాబులు నింపండి.