ఏనుగు నమిలే పళ్లు

శ్రోతలకు నమస్కారం. ఏనుగు అనగానే తొండం, దంతాలు. ఇవాళ వాటిని పక్కన పెడదాం. నోట్లో కనబడకుండా ఉండే దవడ పళ్ల సంగతి చెప్పుకుందాం. నన్నడిగితే ఏనుగు ఆయుష్షు లెక్క అక్కడే ఉంది.

మన పాలపళ్లు ఊడితే కొత్తవి కింది నుంచో పై నుంచో వస్తాయి. ఏనుగుకు అలా కాదు. కొత్త పన్ను దవడ వెనకాల పుట్టి మెల్లగా ముందుకు జరుగుతుంది. ముందున్న పాతది అరిగి అరిగి, ముక్కలుగా విరిగి రాలిపోతుంది. దవడకు ఒక్కో పక్కన జీవితకాలంలో ఆరే ఆరు. ఏ సమయంలో చూసినా పనిచేసేది ఒకటి, మహా అయితే రెండు. ఆఖరిది ఇటుకంత ఉంటుంది, 4 కిలోల దాకా తూగుతుంది.

పన్ను మీద అడ్డంగా ఎనామెల్ గట్లుంటాయి. ఏనుగు ఆవులా దవడ పక్కలకు తిప్పదు, ముందుకూ వెనక్కూ ఆడిస్తుంది. పై గట్లకూ కింది గట్లకూ మధ్య మేత నలుగుతుంది. రోజుకు సుమారు 150 కిలోలు తింటే ఒంటబట్టేది సగం కూడా కాదు. నమలడం చెడితే ఆ కాస్తా పోతుంది. ఆరో పన్ను అరవై దాటేసరికి నున్నబడుతుంది. ఆ తర్వాత ఇంకో పన్ను రాదు. ఇక రాదు. ఎదుట మేతున్నా ఏనుగు చిక్కిపోతుంది.

మరి పళ్లు అరిగాయని ఏనుగును సాకేవాళ్లు నోరు తెరిచి చూడకుండా తెలుసుకునేదెలా? లద్దె చూడండి. తాజా ఉండ ఒకటి, చేతికి తొడుగు వేసుకుని విప్పండి. పది పోగులు తీసి స్కేలుతో కొలిచి రాసుకోండి. నెలకోసారి చాలు. అదే మేత తినే పడుచు ఏనుగు లద్దెతో పోల్చండి. పోగులు నెలనెలా పొడుగవుతున్నా, గింజలు గింజలుగానే వస్తున్నా, సగం నమిలిన ముద్దలు నోట్లోంచి పడుతున్నా పళ్ల డాక్టరు పని పడినట్టే. కణతలు గుంటపడేదాకా ఆగితే ఆలస్యమే.

పడుచు ఏనుగులకు మెత్తటి మేత పెట్టడం మాత్రం తప్పుడు ముద్దు. కొమ్మలూ బెరడూ నమలకపోతే పాత పన్ను అరగదు, విరగదు. వెనకది దారి దొరక్క వంకర తిరుగుతుంది.

ముసలి ఏనుగుకు మేత పొట్టిగా కోసి పెట్టండి. మార్పు ఒక్కరోజులో కాదు, కొన్ని రోజుల మీద చేయండి. దాణా గుళికలు పూర్తిగా నానాకే పెట్టాలి. పొడివి నమలలేక మింగేస్తే గొంతులో ఉబ్బి అడ్డం పడతాయి.