మొదటి పీరియడ్: జ్ఞానోపదేశం, ‘కఆట’ పంచాయితీ

జోజి: నమస్కారం. ఇవాళ మన కాథలిక్ ప్రైమరీ బళ్ళలో మొదటి పీరియడ్ గురించీ, ఇంగ్లీషు చదివించడం గురించీ. అక్కా, నువ్వు ఫోర్‌రూల్డ్ పుస్తకం జోలికి పోవద్దు.

నిర్మల: నేనింకా నోరే విప్పలేదు!

జోజి: విప్పుతావుగా. సరే, ఒకే గంటకి రెండు గదులు. కాథలిక్ పిల్లలకి జ్ఞానోపదేశం: పరలోక జపం, మంగళవార్త జపం. మిగతావాళ్ళకి నీతిబోధ.

నిర్మల: రాజ్యాంగం 28(3) ఉందిగా. గుర్తింపో ఎయిడో ఉన్న బడి మతబోధకి కూర్చోబెట్టాలంటే తల్లిదండ్రులు ఒప్పుకోవాలి. అడ్మిషన్ రోజే సంతకం తీసుకుంటే సరి. ఇక ఇంగ్లీషుకి రా.

జోజి: అప్పుడేనా!

నిర్మల: ఫోనిక్స్ అంటారు, అక్షరాల శబ్దాలు కలిపి చదివించడమట, సి-ఏ-టి రాసి "క, ఆ, ట" అనిపిస్తారు. పిల్లాడు కలిపితే "కఆట" వస్తుంది. క్యాట్ ఎక్కణ్ణుంచి వస్తుంది?

జోజి: మన హల్లులో అకారం కలిసే ఉంటుంది కదక్కా, నోటికి అదే అలవాటు.

నిర్మల: పిల్లలకి కాదు, టీచర్లకి. పొల్లు పెట్టి పలకమను: క్, ట్, ప్.

జోజి: విడిగా క్ అనమంటే తోకలా అ వచ్చేస్తుంది. అందుకే సాగే శబ్దం ముందుండాలి: స్‌స్‌స్, మ్‌మ్‌మ్, న్‌న్‌న్. ఊపిరి ఆపకుండా "స్‌స్‌సిట్". ఆగే శబ్దం చివర్న ఉంటే ఇబ్బంది లేదు.

నిర్మల: చాలా పుస్తకాల్లో మొదటి ఆరు ఎస్, ఏ, టి, ఐ, పి, ఎన్. టి, పి ఉన్నాయిగా మరి?

జోజి: ఉండనీ. సిట్, సిప్, న్యాప్ ముందు చదివించు. ట్యాప్, పిన్ వారం ఆగి.

నిర్మల: ఊఁ... అది బావుంది.

జోజి: అదే వారం "బీ-ఏ-టీ బ్యాట్" బట్టీ పట్టించకూడదు. అవి అక్షరాల పేర్లు, శబ్దాలు కావు, కలిపితే పదం రాదు.

నిర్మల: మానేస్తే గేటు దగ్గరే "మావాడికి ఏబీసీడీలు రావట్లేదు" అంటారు.

జోజి: మీటింగులో వాడిచేత నాలుగు కొత్త పదాలు చదివించండి, నోరెత్తరు.

నిర్మల: బి, డి తారుమారు సంగతో? డికి ముందు గుండ్రం, బికి ముందు నిలువు గీత. గుండ్రం మధ్య రెండు గీతల నడుమే ఉండాలి, నిలువు పై గీతని తాకాలి.

జోజి: వచ్చావా ఫోర్‌రూల్డ్‌కి!

నిర్మల: రాకేం చేస్తాను? ఒకటో తరగతిలోనే కలిపిరాత పెడుతున్నారు. విడిరాతే కుదరని చెయ్యది. తను రాసింది తనే చదువుకోలేడు.

జోజి: కాన్వెంటు రాతని పేరు మరి.

నిర్మల: పేరు కోసం చంటివేళ్ళు నొక్కేస్తారా? నాకు ఒళ్ళు మండుతుంది జోజీ.

జోజి: నీతిబోధ మిగిలిపోయింది.

నిర్మల: నోట్సు రాయించొద్దు. ఇద్దరిచేత క్షమాపణ అడిగినట్టు ఆడించండి, చాలు. పెన్సిల్ పట్టు చెప్పనా?

జోజి: ఆపేస్తున్నానక్కా.

నిర్మల: బొటనవేలూ చూపుడువేలూ...